పంచ్ ఒకరిది, పంచాయితీ అయిదుగురిది

పరుగువాని గెలుపునకు గడియారము సాక్షి. ఎత్తు దూకువాని గెలుపునకు అడ్డకఱ్ఱ సాక్షి. బరువులెత్తువానికి ఆ యినుమే సాక్షి. ఈ సాక్షులకు చుట్టములు లేరు, పక్కములు లేరు, అన్నిటికంటె ముఖ్యముగా మొగమాటము లేదు. కావుననే ఆ క్రీడలందు ఓడినవాడు ఇంటికి బోయి కడుపునిండ తిని నిద్రించును. ఒలింపిక్సులో బాక్సింగని పిలువబడు ముష్టియుద్ధమున నట్లు గాదు. కొట్టినవాడు తాను కొట్టినాడా యనియు, తిన్నవాడు తాను తిన్నాడా యనియు, రింగు వెలుపల కుర్చీలలో సుఖాసీనులైన యైదుగురు పెద్దమనుష్యుల నడిగి తెలిసికొనవలసియుండును. పంచ్ కొట్టువా డొకడే. పంచాయితీ మాత్రము పంచులది. మన రచ్చబండల సంప్రదాయమును ప్రపంచ మింత భక్తితో స్వీకరించినందుకు మనము గర్వింపవలెను.

1988వ సంవత్సరమున సియోలు నగరమున జరిగిన కథను చిత్తగింపుడు. అక్టోబరు 2వ తేదీన, 71 కిలోల తరగతి తుదిపోరున, పంతొమ్మిదేండ్ల అమెరికా యువకుడు రాయ్ జోన్స్, ఆతిథేయ దేశపు పార్క్ సి హున్‌తో తలపడెను. జోన్స్ తగిలించిన దెబ్బలు 86, పార్క్ తగిలించినవి 32 అని లెక్కపెట్టినవారు చెప్పిరి. ప్రచ్ఛన్నయుద్ధ మప్పటికి ముగియలేదు. అయినను సోవియట్టు న్యాయనిర్ణేతయు, హంగరీ న్యాయనిర్ణేతయు శత్రుదేశపు పిల్లవానికే ఓటు వేసిరి. తక్కిన ముగ్గురు పార్క్ గెలిచెననిరి. బంగారము పార్క్ మెడలో బడెను. అదే క్రీడోత్సవమున ఉత్తమశైలి గల యోధున కిచ్చు వాల్ బార్కర్ బహుమానమును మాత్రము జోన్సుకే యిచ్చిరి. అనగా, నాయనా, కొట్టుటలో నీవు లోకమునకెల్ల మొదటివాడవు, నీ యెదుట నిలిచినవానికి మాత్రము రెండవవాడవు అని తాత్పర్యము.

ఆ ముగ్గురిలో నొకరు పిమ్మట చెప్పినట్లు పత్రికలలో వచ్చిన సమాధానము నాకు మిక్కిలి నచ్చినది. జోన్స్ గెలుపు తథ్యము, తోడివారు నలుగురును అతనికే వేయుదురు, అయిదింటికి అయిదును పోయినచో ఆతిథ్య మిచ్చినవారి మొగము చిన్నబోవును గదా యని తానొక్కడు పార్క్‌కు వేసెనట! రాజుగారి గంగాళమున తలకొక చెంబెడు పాలు పోయవలెనని చాటింపు వేయగా, ఊరందఱు పాలే పోయుదురు గదా, నా చెంబెడు నీళ్ళెవరికి దెలియునని యెవరికివారు తలపోసిన కథ మన తాతలు చెప్పగా విన్నదే. తెల్లవారి చూచునప్పటికి గంగాళము నిండ నీళ్ళే! సియోలు గంగాళమునకు కావలసినవి అయిదు చెంబులే గాని, అందు మూడు నీళ్ళయ్యెను. 1997లో అంతర్జాతీయ ఒలింపిక్ సమితి విచారించి, లంచము నడచినట్లు ఆధారము లేదనెను. ఇంతకంటె భయంకరమైన మాట యుండునా? లంచమైనచో ఇచ్చువాని చేయి ముడుచుకొన్ననాడు ఆగును. మొగమాటము ఉచితముగా దొరకును.

మొగమాటమునకు భయము తోబుట్టువు. ఆ తుదిపోరునకు పదిదినములు ముందు, బ్యున్ జొంగ్ ఇల్ అను కొరియా బాక్సరు బల్గేరియావాని చేత నోడెనని తీర్పు రాగా, అతని పక్షమువారు రింగులోనికి దుమికి న్యూజిలాండు రెఫరీపై చేయి చేసికొనిరి. బ్యున్ రింగులోనే 67 నిమిషములు కూర్చుండి సత్యాగ్రహము సలుపగా, నిర్వాహకులు దీపము లార్పిరి. 1964 టోక్యోలో మఱియొక కొరియా యోధుడు 51 నిమిషములు కూర్చుండియుండెను. ఆ రికార్డు బద్దలైనందుకు పతకమేదియు నీయకపోవుట అన్యాయము.

ఈ వ్యాధికి మందుగా 1992 బార్సిలోనాలో కంప్యూటరు వచ్చెను. దెబ్బ పడిన సెకనులోపల అయిదుగురిలో ముగ్గురు మీట నొక్కినచో పాయింటు. లేనిచో ముక్కున నెత్తురు కాఱుచున్నను, శాస్త్రీయముగా చూడ, దెబ్బ పడనే లేదు. అంతవఱకు మనస్సున నుండిన మొగమాటము బొటనవ్రేలికి దిగెను. 2012 లండనులో జపాను యోధుడు సతోషి షిమిజు దెబ్బలకు అజర్‌బైజాను బాక్సరు మూడవ రౌండున ఆఱుసార్లు నేల గఱచెను; అయినను 22-17తో అతడే గెలిచెనని ప్రకటించిరి. భూమ్యాకర్షణశక్తికి ఓటుహక్కు లేదు గదా! అప్పీలు మీద తీర్పు తిరుగబడి, రెఫరీ ఇంటిదారి పట్టెను.

యంత్రమును దించి మరల మనుష్యులకే పెత్తన మిచ్చిరి. 2016 రియోలో ఐర్లాండువాడైన మైకేల్ కాన్లన్‌పై గెలిచెనన్న రష్యా నికితిన్, గాయములచేత సెమీఫైనలునకు దిగజాలక తప్పుకొనెను. గెలు పంత బరువైనది కాబోలు. ఆ పోటీల తీర్పులు తారుమారు చేయుట కొక యేర్పాటే యుండెనని 2021లో మక్లారెన్ అను విచారణకర్త నివేదిక తెలిపెను. రియో పిమ్మట టోక్యోలోను, పారిసులోను బాక్సింగును ఒలింపిక్ సమితి తానే నడుపుకొనవలసి వచ్చెను.

మన కీ పాయసమున భాగము దక్కకపోలేదు. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడలలో, 60 కిలోల సెమీఫైనలున, కొరియా పార్క్ జి నా చేతిలో ఓడితివని మణిపూరు సరితా దేవికి చెప్పిరి. ఆమె పతకప్రదానవేళ తన కాంస్యమును దీసి ఆ పార్క్ మెడలోనే వేసెను. దానికి ఏడాది నిషేధము. శిక్ష ధర్మబద్ధమే: పతక మెవరి మెడలో పడవలెనో నిర్ణయించుట పంచుల హక్కు, నడుమ దెబ్బలు తిన్నవారి జోక్య మేల?

ఈ ధర్మమును మీఱిన పార్క్ ఇంకొకడు గలడు. 2023లో పార్క్ సి హున్ అమెరికాలోని పెన్సకోలాకు బోయి, ముప్పదియైదేండ్లుగా తనయొద్ద నున్న బంగారు పతకమును రాయ్ జోన్స్ చేతిలో బెట్టెను. అయిదు కుర్చీలు లేవు, మీటలు లేవు, అప్పీలు లేదు. గంగాళమున పాలు పోయువా డెట్టకేలకు దొరకెను. అతడే ఆనాడు గెలిచెనని మనకు చెప్పబడినవాడు. ఒలింపిక్ పట్టికలో మాత్రము నేటికిని బంగారము పార్క్‌దే, వెండి జోన్సుదే. పాపము, పట్టికకును మొగమాట ముండును గదా!