అరటిగెలకు అలారం

ఉప్పల్‌కు సముద్రం లేదు. రామంతాపూర్ చెరువుంది, వానాకాలంలో నాచారం మెయిన్ రోడ్డుంది, అంతే. అయినా ఓడరేవుల్లో అణు సరుకు దొంగరవాణా గురించి మాట్లాడే హక్కు మా తూర్పు హైదరాబాద్‌కే ఎక్కువని నా వాదన. యురేనియం రియాక్టర్ ఇంధనంగా తయారయ్యేది మా పక్కనే, 1971లో పెట్టిన ఎన్ఎఫ్‌సీలో. రేడియేషన్ కొలిచే మీటర్లు తయారయ్యేది ఆ పక్కనే, 1967 నాటి ఈసీఐఎల్‌లో. 2008లో అణు సరఫరా దేశాల కూటమి మనకు తలుపు తీశాక ఫ్రాన్స్, రష్యా, కజకిస్థాన్‌ల సరుకూ సకల కాగితాలతో దర్జాగా వచ్చింది. ఇంత ఘనత ఉన్నా మా జనానికి ఈసీఐఎల్ అంటే బస్సు ఆఖరి స్టాపు. ఎన్నికలప్పుడైతే, ఓడిన పార్టీ తిట్టుకునే ఓటింగ్ మిషను.

సరే, లోకం సంగతికొద్దాం. ఏ కంటెయినర్‌లో ఎవడు బాంబు పంపుతాడో అని బెంగ పట్టుకున్న అమెరికా 2003లో మెగాపోర్ట్స్ అని ఓ పథకం మొదలెట్టింది. సరుకు తమ గడ్డ మీద దిగాక కాదు, బయల్దేరే రేవులోనే తడిమి చూడాలన్నది ఆలోచన. రాటర్‌డామ్ నుంచి కొలంబో దాకా గేట్లు లేచాయి. లారీ మెల్లగా ఆ గేటు మధ్య నుంచి పోవాలి, రేడియేషన్ ఉంటే గంట మోగాలి. వంద రేవులని లెక్క వేసుకుంటే 2012 ఆగస్టుకు పూర్తయినవి 42. అంతలో బడ్జెట్‌కు కత్తెర పడింది. అంతకుముందే 2007లో అక్కడి పార్లమెంటు ఇంకో అడుగు ముందుకేసి, తమ దేశానికొచ్చే ప్రతి కంటెయినర్‌నూ విదేశీ రేవులోనే స్కాన్ చేయాలని, 2012 కల్లా అయిపోవాలని చట్టం చేసింది. 2012 వచ్చింది, వాయిదా. 2014 వచ్చింది, మళ్లీ వాయిదా. ఆ తర్వాత రెండేళ్లకోసారి వాయిదా వేయడమే ఆనవాయితీ. 2018లో మొదలై 2020కి అయిపోవాల్సిన ఉప్పల్-నారపల్లి ఫ్లైఓవర్ పిల్లర్ల కింద దుమ్ము మింగినవాళ్లకు ఈ చట్టాన్ని ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

గంట మోగడం కూడా ఓ ముచ్చటే. గేటుకు తెలిసింది రేడియేషన్ ఒక్కటే, దొంగ ఎవరో దొర ఎవరో దానికి తెలియదు. అరటిగెలల్లో పొటాషియం ఉంటుంది, మోగుతుంది. పొటాష్ ఎరువు, మోగుతుంది. టైల్స్, పింగాణీ, పిల్లులు దొడ్డికి పోయే మట్టి, అన్నిటికీ మోగుతుంది. కరీంనగర్ నుంచి కాకినాడ రేవు మీదుగా గ్రానైట్ పోతుంది కదా, ఆ జాతి రాయికీ మోగే గుణముంది. థైరాయిడ్‌కు రేడియో అయోడిన్ మందు పుచ్చుకుని స్టీరింగ్ పట్టిన డ్రైవరుకైతే మరీ గట్టిగా మోగుతుంది. ఇక ఏ సరుకు కోసం ఇన్ని కోట్లు పోసి గేటు కట్టారో, ఆ బాంబు స్థాయి యురేనియం మాత్రం మహా నెమ్మదస్తురాలు. దాని కిరణాలు బలహీనం, సీసపు రేకు చుడితే నోరెత్తదు. 2003లో ఏబీసీ టీవీ విలేకరులు ఏడు కిలోల లోపు నిస్సార యురేనియాన్ని టేకు పెట్టెలో పెట్టి జకార్తా నుంచి లాస్ ఏంజెలెస్‌కు పంపి చూశారు. హాయిగా చేరింది. అధికారులకు పట్టలేని కోపమొచ్చింది, విలేకరుల మీద.

అలాగని ఏమీ దొరకలేదంటే పాపం. 2008లో ఫ్రాన్స్‌లో లిఫ్టు బటన్లలో రేడియేషన్ చిమ్మే కోబాల్ట్-60 బయటపడింది. ఉక్కు మన దేశానిది. ఎవడో విలన్ పంపింది కాదు, తుక్కుతో పాటు కొలిమిలో కరిగిన ఏదో పాత పరికరం పుణ్యం. 2010 జులైలో ఇటలీలోని జెనోవా రేవులో రాగి తుక్కు కంటెయినర్ ఒకటి రేడియేషన్ చిమ్ముతూ దొరికింది. ఎవరి బాధ్యతో తేలక దాన్ని ఓ మూలన పెట్టి, ఏడాది తర్వాత రోబోలతో తెరిపించారు. లోపల ఉన్నదీ కోబాల్టే. అంతర్జాతీయ సహకారమంటే మీ తుక్కు మేం పట్టుకోవడం, మా తుక్కు మీరు పట్టుకోవడం, ఆపైన ఎవరూ వెనక్కి తీసుకోకపోవడం.

అసలైన సరుకు ఏ గేటూ దాటకుండానే బయటికొస్తుంది. ఢిల్లీ యూనివర్సిటీ 1968లో కెనడా నుంచి కొన్న గామా కిరణాల యంత్రం 1985 నుంచి మూలపడి ఉండేది. 2010 ఫిబ్రవరిలో దాన్ని వేలమేశారు. రసీదు ఉంది, గేట్‌పాస్ ఉంది, సంతకాలున్నాయి. మాయాపురి తుక్కు బజారులో విప్పారు. ఒకాయన ఓ మెరిసే ముక్కను పర్సులో పెట్టుకు తిరిగాడు. ఒకరు చనిపోయారు, పలువురు ఆస్పత్రి పాలయ్యారు. దొంగరవాణా అందామంటే ఇందులో దొంగే లేడు.

అందుకే ఈ విషయంలో నిపుణుడి కోసం నేను రేవుకు పోలేదు, నాచారం పారిశ్రామికవాడ వెనక గల్లీలో పాత ఇనుము దుకాణానికి పోయాను. తూకం పక్కన కుర్చీ, కుర్చీ పక్కన విప్పిన మోటార్లు, బయట 'పాత ఇనుప సామాన్లకు ఉల్లిగడ్డలు' అని మైకు పెట్టిన ఆటో. ఫోన్‌లో మూడు రెక్కల రేడియేషన్ గుర్తు చూపించి, ఇది ఉన్న సామాను వస్తే ఏం చేస్తావన్నాను.

"గిది ఫ్యాన్ బొమ్మ కద సార్. కొంటం. అండ్ల రాగి తీగ ఉంటది."

జనానికి ఆ గుర్తు అర్థం కావడం లేదని అంతర్జాతీయ అణుశక్తి సంస్థకూ తెలుసు. పదకొండు దేశాల్లో పరీక్షించి మరీ 2007లో ఎర్రటి కొత్త గుర్తు తెచ్చింది: కిరణాలు, పుర్రె, పరిగెత్తే మనిషి. అదీ చూపించాను. ఫోన్ చేతిలోకి తీసుకుని, కళ్లద్దాలు సవరించుకుని చూశాడు.

"దొంగ మాలు లెక్కున్నది. పోలీసోళ్లను జూసి ఉరుకుతున్నడు. గిసొంటిది నేను ముట్ట సార్."

సంస్థ పడిన కష్టం మొత్తానికి ఫలించింది, వాళ్లనుకున్న దారిలో కాకపోయినా. ఆ హుషారులో రేవుల్లో గేట్ల గురించి, వాటిలోని మీటర్ల గురించి, అవీ కొన్నేళ్లకు పాతబడి మార్చాల్సి రావడం గురించి చెప్పాను. చివరి ముక్క దగ్గర ఆయన తూకం మీది నుంచి తలెత్తాడు.

"పాతబడ్డయి ఏడ వేస్తరు సార్? టెండర్ పడితే జర చెప్పుండ్రి."