ఉడుకునీళ్ల మీమాంస

ఏ శాస్త్రం మొదలుపెట్టినా నాలుగు సంగతులు ముందే చెప్పుకోవడం పెద్దల ఆచారం. ఈ శాస్త్రానికి విషయం: ఇంటికి ఉడుకునీళ్లు తెచ్చే పైపుల పని, దాని గుణదోషాలు. ప్రయోజనం: ధనుర్మాసంలో తెల్లవారుజామున ఒళ్లు వణక్కుండా స్నానం. సంబంధం: గృహస్థుకూ ప్లంబరుకూ మధ్య అడ్వాన్సుతో పుట్టి, బాకీతో బలపడి, ఫోను ఎత్తకపోవడంతో తీరిపోయేది. అధికారి: హోసూరులోనో కృష్ణగిరిలోనో సొంతిల్లు కట్టుకుని, ఒక్కసారైనా అర్ధరాత్రి గోడకు చెవి ఆనించినవాడు. అద్దెకున్నవాళ్లకు ఈ శాస్త్రంలో ప్రవేశం లేదు. ఓనరుకు ఫోన్ చేసే హక్కు ఒక్కటే వాళ్లది.

ఇక దేశ నిర్ణయం. తమిళనాడు అంచున ఉన్న హోసూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. చలికాలం పొద్దున్నే చంద్రచూడేశ్వరుని కొండ మంచులో కనబడదు. ఈ ఊరిని చిన్న ఇంగ్లండ్ అని చెప్పుకుని మురిసేవాళ్లూ ఉన్నారు. అయితే అసలు ఇంగ్లండులోలాగా బాయిలరు పెట్టి, గదిగదికీ రేడియేటర్లు బిగించి, ఇల్లంతా కాగబెట్టే సెంట్రల్ హీటింగు ఇక్కడ లేదు. ఇక్కడ కాగాల్సింది ఇల్లు కాదు, మనిషి; అదీ పొద్దున ఒక బకెట్టు మేర. ఒకప్పుడు ఆ పని పెరట్లో కట్టెల పొయ్యి మీది కాగు చేసేది. దానికి ప్లంబరు అక్కర్లేదు, గోడలో పైపు లేదు, కాబట్టి శాస్త్రమూ లేదు. మిద్దె మీదికి సోలారు వచ్చాక శాస్త్రం పుట్టింది. పక్కనున్న బెంగళూరులో 2007 నుంచి కొత్త ఇళ్లకు సోలారు హీటర్లు తప్పనిసరి చేశారు. రూలు కర్ణాటకది, గాలి మాత్రం సరిహద్దు దాటి హోసూరుకూ తగిలింది.

హోసూరు నుంచి శూలగిరి మీదుగా 50 కిలోమీటర్లు దిగితే కృష్ణగిరి. ఎత్తు తగ్గుతుంది, ఎండ పెరుగుతుంది. వేసవిలో అక్కడ మధ్యాహ్నం చన్నీళ్ల కుళాయి తిప్పితే చెయ్యి కాలుతుంది; మిద్దె మీది నల్ల ట్యాంకే సోలారు. ప్లంబరు ఏ తప్పు చేసినా నాలుగు నెలలపాటు సూర్యుడు కప్పిపుచ్చుతాడు. కాబట్టి కృష్ణగిరి పనిని మే నెలలో చూసి మెచ్చుకోవడం శాస్త్రవిరుద్ధం. మార్గశిరం దాకా ఆగాలి.

పరీక్షకు ప్రమాణాలు నాలుగని నైయాయికులు చెప్పారు: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. గృహస్థులు మొదటిదానితోనే సరిపెట్టుకుంటారు. గృహప్రవేశం నాడు వచ్చిన చుట్టాలు కుళాయి తిప్పి, నీళ్లు పడగానే "పని బాగుందే" అంటారు. వాళ్లు మెచ్చుకునేది పనిని కాదు, కుళాయి మెరుపును. అది కంపెనీ చేసింది.

ప్రత్యక్షంగా చూడదగినవి లేకపోలేదు. ఒకటి పైపు రంగు. ఉడుకునీళ్లకు వాడాల్సిన సీపీవీసీ పైపు లేత పసుపుగా ఉంటుంది, 93 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. చన్నీళ్లకు వాడే తెల్లటి యూపీవీసీ 60 డిగ్రీలు దాటితే మెత్తబడుతుంది. సోలారు నుంచి దిగే లైను తెల్లగా కనబడితే మిగతా పరీక్షలు అనవసరం. రెండోది గోడ మిక్సరు. దానికి ఉడుకు, చల్ల రెండు ద్వారాల మధ్య దూరం 150 మిల్లీమీటర్లు. వెంట్రుకవాసి తేడాను కూడా ఒప్పుకోని గడియారాల ఫ్యాక్టరీ ఉన్న హోసూరులో ఈ 150 మిల్లీమీటర్లను మాత్రం జానతో కొలుస్తారు. తప్పితే సర్దడానికి మిక్సరుతోపాటు వంకర కాళ్లు రెండు వస్తాయి. ఆ వంకరను స్టీలు బిళ్ల కప్పేస్తుంది. అందుచేత బిళ్లను వెనక్కి లాగి చూడనివాడు పరీక్షకుడు కాడు.

ఇక్కడ మొదటి సూత్రం: దాగినదే కారును.

దీనికి భాష్యం. బయట ఉన్న కుళాయి కారితే వాషరు మార్చి పంపిస్తారు. గోడలో పడుకున్న ఎల్బో కారితే మేస్త్రీ, టైల్స్ అతను, పెయింటరు, చివరికి మళ్లీ ప్లంబరు, నలుగురూ ఇంటికొస్తారు. పైపు దాదాపు ఎప్పుడూ పగలదు; అతుకు దగ్గరే ఊడుతుంది. సొల్యూషన్ పూయకముందు పైపు కొస తుడిచాడా, పూసి తోసేటప్పుడు పావు చుట్టు తిప్పాడా, ఆరనిచ్చాడా, ఇవన్నీ అర నిమిషంలో జరిగిపోయే క్రియలు. ఆ అర నిమిషంలో గృహస్థు కాఫీ తెప్పించడానికి లోపలికి వెళ్లి ఉంటాడు.

దాగినదాన్ని తెలుసుకోవడానికి అనుమాన ప్రమాణమే శరణ్యం. కొండ మీద పొగ ఉంటే నిప్పు ఉన్నట్టే కదా. అదే తర్కంతో, గోడకు చెమ్మ ఉంటే లోపల ఎల్బో ఉంది. అయితే హేత్వాభాసలకు, అంటే తప్పుడు కారణాలకు, చోటు ఎక్కువ. చెమ్మ మిద్దె మీది వాననీటిదీ కావచ్చు, బాత్‌రూమ్ నేల సందుల్లోంచి దిగినదీ కావచ్చు. తేల్చే పద్ధతి: మిద్దె మీది గేట్ వాల్వు రెండు రోజులు కట్టేయండి. చెమ్మ ఆరడం మొదలైతే దోషం పైపుది. ఆరకపోతే ప్లంబరు నిర్దోషి. అలాంటి తీర్పు వచ్చిన ఇళ్లు అరుదే కానీ శాస్త్రం దాన్నీ చెప్పాలి.

అన్ని దోషాల్లోకీ సూక్ష్మమైనది సాంకర్యం, అంటే చన్నీళ్లు ఉడుకునీళ్ల లైనులోకి దూరడం. దీని లక్షణం విచిత్రంగా ఉంటుంది. సోలారు బాగుంటుంది, ఎండ బాగుంటుంది, ట్యాంకులో నీళ్లు సలసలమంటుంటాయి, కుళాయిలో మాత్రం గోరువెచ్చన. ఇంటాయన సోలారు కంపెనీని తిడతాడు. వాళ్లొచ్చి గాజు గొట్టాలు తుడిచి బిల్లు రాసి వెళతారు. అసలు కారణం కింద ఎక్కడో ఉంటుంది. ఇంట్లో ప్రెషర్ పంపు పెట్టి చన్నీళ్లకు ఒత్తిడి పెంచారు. ఉడుకునీళ్లు తమ బరువుతో మాత్రమే దిగుతున్నాయి. ఏదో ఒక మిక్సరులో రెండు వైపులా తెరిచి, షవరు మూసి వదిలేశారు. బలమైనది బలహీనమైనదాని దారిలోకి తోసుకుపోతుంది. నాన్ రిటర్న్ వాల్వు పెట్టి ఉంటే ఈ దురాక్రమణ ఉండదు. పరీక్ష సులువు: మిద్దె మీద సోలారు నుంచి దిగే వాల్వు పూర్తిగా కట్టేసి, కింద ఉడుకు కుళాయి తిప్పండి. పైపులో మిగిలిన నీళ్లు పోయాక కూడా ధార ఆగకపోతే సాంకర్యం సిద్ధించినట్టే. ఈ ఒక్క పరీక్ష తెలిసినవాణ్ని ప్లంబర్లు కాస్త గౌరవంగా చూస్తారని నా పరిశీలన.

తర్వాతిది వాయుదోషం. కుళాయి తిప్పగానే దగ్గి, తుమ్మి, కాసేపు అలిగి, తర్వాత నీళ్లిస్తుంది. సోలారు ట్యాంకు నుంచి వచ్చే పైపు ఎడతెగకుండా దిగుతూ రావాలి. పిట్టగోడ అడ్డం వచ్చిందని పైకి ఎక్కించి మళ్లీ దించితే ఆ మూపున గాలి చేరుతుంది. అలాగే చన్నీళ్ల ట్యాంకు అడుగు సోలారు ట్యాంకు నెత్తి కంటే ఎత్తున ఉండాలి. గాలి గొట్టం కొస చన్నీళ్ల ట్యాంకు నీటిమట్టాన్ని దాటాలి. దాటకపోతే మిద్దె మీద రేయింబవళ్లు అభిషేకం జరుగుతుంది. లండన్లో ఉన్న మనవాళ్లకూ ఈ దోషం పరిచయమే. వాళ్ల రేడియేటరు పైభాగం చల్లగా ఉంటే లోపల గాలి, అడుగుభాగం చల్లగా ఉంటే మడ్డి. ఉపమాన ప్రమాణానికి ఇంతకంటే చోటు లేదు.

కాలవ్యయం అనే దోషానికి లెక్క ఉంది. ముప్పావు అంగుళం పైపు 20 మీటర్లు ఉంటే దాని కడుపులో సుమారు 6 లీటర్ల నీళ్లు పడతాయి. రాత్రంతా చల్లారిన ఆ 6 లీటర్లూ పోయాకే ఉడుకునీళ్లు మొహం చూపిస్తాయి. నాలుగువైపులా నీటి కోసం వందల అడుగుల బోర్లు వేసే ఊళ్లో ఇది చిన్న పాపం కాదు. మంచి ప్లంబరు పైపులు కోసే ముందు ఒకసారి మిద్దె మీదా ఒకసారి బాత్‌రూములోనూ నిలబడి దారి చూసుకుంటాడు. తక్కినవాళ్లు పైపు ఉన్నంత దూరం వెళతారు.

న్యాయంగా ప్లంబరు తరఫున ఒక మాట. ఈ ప్రాంతపు నేలంతా నల్లరాయి, బోరునీళ్లు గడుసువి. కాగిన కొద్దీ వాటిలోని సున్నం తెల్లటి పొరలా పేరుకుని గొట్టాల గొంతు నొక్కుతుంది. తాగునీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదని, గత్యంతరం లేకపోతే 600 దాకా ఓర్చుకోవచ్చని మన ప్రమాణాల సంస్థ చెప్పింది.   కాబట్టి మూడేళ్ల తర్వాత ధార సన్నబడితే నేరం నేలది. మూడు నెలలకే సన్నబడితే ప్లంబరుది. లోపల టెఫ్లాన్ టేపు ముక్కో, పైపు కోసిన పొట్టో ఉంటుంది.

ఇక శబ్దప్రమాణం, అంటే ఆప్తవాక్యం. ఇక్కడే శాస్త్రం చిక్కులో పడుతుంది. ప్లంబరు పనికి ప్లంబరే సాక్షి. కొత్త ప్లంబరు గడప దాటి, పైపుల్ని ఒక్కసారి చూసి, నోరు తెరిచాడంటే మొదటి మాట ఇదే: "ఎవురన్నా ఈ పని చేసింది?" తెలుగులో అడగొచ్చు, తమిళంలో అడగొచ్చు, కన్నడంలో అడగొచ్చు, ఈ సరిహద్దు ఊళ్లలో మూడూ వాడుకే, ప్రశ్న మాత్రం ఒకటే. ఇది పూర్వపక్ష ఖండనం. ఖండించకుండా సిద్ధాంతం స్థాపించడం మన సంప్రదాయంలోనే లేదు. అయితే ఒకే ప్లంబరు రెండేళ్ల తర్వాత వచ్చి, మరిచిపోయి, తన పనినే అలా ఖండించిన సందర్భాలు కూడా ఉంటాయి. అప్పుడు గృహస్థు మౌనంగా ఉండటం మర్యాద.

"ఏం కాదు సార్" అనేది రెండో ఆప్తవాక్యం. దీని అర్థం స్థలాన్ని బట్టి మారుతుంది. గోడ మూయకముందు అంటే "ఇప్పుడేం కాదు". మూసిన తర్వాత అంటే "ఇక మనం ఏం చేయలేం".

ఈ చిక్కు కొత్తది కాదు. క్రీ.శ. 97లో రోమ్ నగర జలాధికారిగా నియమితుడైన ఫ్రాంటినస్ దీనిమీద పుస్తకమే రాశాడు. నీటి పనివాళ్లు ముద్ర లేని గొట్టాలు బిగించడం, ఇవ్వాల్సినదానికంటే పెద్ద గొట్టాలు పెట్టడం, దొంగ కనెక్షన్లివ్వడం అన్నీ అందులో ఉన్నాయి. చక్రవర్తి అధికారం వెనకున్నవాడికే అంత కష్టమైతే, సైటు లోను మీద ఇల్లు కట్టుకున్న సిప్‌కాట్ పారిశ్రామికవాడ ఉద్యోగి పరిస్థితి ఊహించుకోండి.

పరీక్షా ముహూర్తం పొద్దున ఐదు గంటలు. దీనికీ చరిత్ర ఉంది. అమెరికాలో క్లారెన్స్ కెంప్ 1891లో పేటెంటు తీసుకున్న సోలారు హీటరులో నీళ్లు సాయంత్రానికి కాగేవి, రాత్రికి చల్లారేవి. 1909లో విలియం బెయిలీ ట్యాంకును విడదీసి, చుట్టూ వేడి పోకుండా పొర కప్పి, దానికి డే అండ్ నైట్ అని పేరుపెట్టి అమ్మాడు. అప్పటినుంచి నిన్నటి ఎండతో ఇవాళ స్నానం చేయడం సాధ్యమైంది. అయితే ట్యాంకు కాపాడిన వేడిని మిద్దె మీద తొడుగు లేని పైపు పోగొడుతుంది. మధ్యాహ్నం రెండింటికి చూపించి డబ్బు అడిగే ప్లంబరును తప్పుపట్టను. రెండింటికి చూసి డబ్బిచ్చేవాణ్ని పడతాను.

సిద్ధాంతం ఇది. ప్లంబరు పనిని గోడ మూసిన తర్వాత పరీక్షించడం సాధ్యం కాదు; అది శవపరీక్ష. అతుకులు ఒక రోజు ఆరాక, కొసలన్నీ బిరడాలతో బిగించి, చేతి పంపుతో వాడుక ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు ఎక్కించి, గేజీ ముల్లు రాత్రంతా కదలకుండా ఉంటే పని మంచిది. కదిలితే ఎంత మంచి మనిషయినా పని చెడ్డది. టైల్స్ అతను "రేపు నాకు వేరే సైటు ఉంది" అని తొందరపెడతాడు, వెళ్లనివ్వండి. బాకీలో కొంత మొదటి తెల్లవారుజాము స్నానం దాకా ఆపండి. సిమెంటు పూసే ముందు ప్రతి గోడకూ కొలత టేపు ఆనించి పైపుల ఫోటోలు తీసి, ఇంటి పత్రాలతోపాటు దాచుకోండి. రేపు గీజరు బిగించడానికి మేకు కొట్టేవాడికి అవి కావాలి.