ముదికొలిమి వాక్యమునకు టీకాతాత్పర్యము

అవతారిక: ఇంటనే యులులకుఁ బదును పెట్టుకొనఁ దలఁచిన గృహస్థుఁడొకఁడు పాతసామానుల యంగడిలో నొక విద్యుత్కొలిమికి బేరమాడుచుండఁగా, అంగడివాఁడు త్రాసునుండి చూపు మరల్పకయే పలికిన సూత్రప్రాయమగు వాక్యమిది.

మూలము: "పాతదే గానీ పనిచేస్తుందండీ. చూసుకొని తీసుకోండి."

టీక: పాతదే గానీ = ఇటుకలు నెఱ్ఱెలువాఱి, తీఁగచుట్టలు గాడి వెడలి వ్రేలాడుచున్నను; పనిచేస్తుంది = మీట వేయఁగా నెఱ్ఱదీపము వెలుఁగును; అండీ = వెల తగ్గింపఁబడదు; చూసుకొని = ఇంటికిఁ గొనిపోయిన పిమ్మట; తీసుకోండి = మరలఁ దేవలదు.

తాత్పర్యము: ఇచ్చటి క్రియ భవిష్యత్తునకును స్వభావమునకును జెల్లును గాని, నేఁడు పనిచేయుచున్నదని యంగడివాఁ డెచ్చటను ప్రతిజ్ఞ చేయలేదు గనుక, పరీక్షాభారము కొన్నవానిదే. ప్లగ్గు పెఱికి మల్టీమీటరుతోఁ దీఁగను గొలిచినప్పుడు, 230 వోల్టులకు 2,300 వాట్లని రేకుపైఁ జెక్కియున్న కొలిమికి 23 ఓములకుఁ జేరువగాఁ దోఁపవలయును. తీఁగ తెగిన ముల్లు కదలనే కదలదు. పెట్టెకు ఎర్తును, తలుపు తీయఁగనే విద్యుత్తు నాఁపు మీటయు లేకున్న ముందవి యమర్చుకొనవలెను. లేనిచో, తీఁగకుఁ దగిలిన పట్టుకారుతోఁబాటు దానిని బట్టినవాఁడును విద్యుద్వలయమునఁ జేరును. ఏండ్లకొలఁది తేమ పీల్చిన యిటుకను, పైరంధ్రము మూయక, 100 డిగ్రీలకుఁ గొంచెము పైన మెల్లఁగా నాఱఁబెట్టవలయును.

విశేషము: కొలిమి యుష్ణమాపకపు ముల్లు 800 చూపినంతనే లోపల నంత వేఁడి యున్నదని నమ్ముట శబ్దప్రమాణము, మాకుఁ బ్రత్యక్షమే రుచించును. ఇనుము 770 డిగ్రీల చేరువ నయస్కాంతమునకు లొంగుట మానును. శుద్ధమైన యుప్పు 801 డిగ్రీలఁ గరఁగును. ముందుగా వేయించి చిటపటలు మాన్పిన చిటికెడుప్పును బింగాణిమూకుట నుంచి, కంతగుండఁ జూచుచు, పలుకుల యంచులు మెత్తవడి యంతయుఁ దేటద్రవమగు క్షణమున ముల్లెంత చూపుచున్నదో గుర్తించుకొనవలెను. ఆ భేదమే యీ కొలిమి జాతకము. సుశ్రుతుఁడు శస్త్రములకు క్షారోదకతైలములందుఁ బాయనము చెప్పెను గాని డిగ్రీల ప్రసక్తి తేలేదు; లారీకమాను పట్టీతోఁ జేసిన యులికి 830 చేరువ వేఁడియుఁ దైలమును దగును. పిదప ఆకురాయి కొఱుకక జాఱెనేని యులి గట్టిపడినట్లే. అయినను, సుత్తిదెబ్బకు గాజువలెఁ బగులును గాన, 200 డిగ్రీలకుఁ గొంచెము పైన నొక గంట మరలఁ గాఁచవలయును. ఇంత తక్కువ వేఁడిమిని ముదికొలిమి నిలుకడగా నిలుపలేదు గావున వంటింటి ఓవెనే శ్రేష్ఠమని గృహస్థుని మతము. దీనిని గృహిణి ఖండించినది.