నవ్వేది మనం, నొచ్చుకునేదీ మనమే

అమెరికా కార్టూన్ 'ద సింప్సన్స్'లో అపూ అని మన దేశపు కొట్టువాడున్నాడు. ఆ యాస పలికింది హ్యాంక్ అజారియా అనే తెల్లాయన. మనవాళ్లకు ఒళ్లు మండింది. గొడవ ముదిరింది. 2020లో ఆయన ఆ పాత్రకు గొంతివ్వడం మానుకున్నాడు. శభాష్!

ఇప్పుడు రిమోట్ తీసి మన చానల్ పెట్టండి.

వాచ్‌మన్ వచ్చాడా? నేపాలీయే. 'సాబ్' అనే తీరాలి. తమిళుడా? నోట్లో 'అయ్యయ్యో', చేతిలో సాంబారు. పనిమనిషికి శ్రీకాకుళం యాస. రౌడీకి ఏళ్ల తరబడి తెలంగాణ యాస. సీమవాడైతే సుమో, బాంబు. మరి మన గుంటూరోడు? కారం, పౌరుషం! మనది మాత్రం ముద్ర కాదట, బిరుదట. అపూ కోసం డల్లాస్‌లో ఉడికిపోయిన బావగారే సెలవులకొచ్చి, ఈ స్కిట్లు చూసి సోఫా మీంచి దొర్లిపోతాడు. అడిగితే 'కామెడీని కామెడీగా చూడాలి' అంటాడు. ఎవరికి చెబుతున్నావయ్యా?

బ్రిటన్‌లో 1977లో 'మైండ్ యువర్ లాంగ్వేజ్' వచ్చింది. లండన్ రాత్రిబడిలో ఇంగ్లీషు నేర్చుకునే విదేశీయుల కథ. నవ్వంతా వాళ్ల యాస మీదే. చూసేవాళ్లు బోలెడు. అయినా, ఇది జాతుల్ని వెక్కిరించడమేనని మైకేల్ గ్రేడ్ అనే టీవీ పెద్ద 1979లో ఆపించాడు. మన చానళ్లలో ఆ పాటి వెన్నెముక ఎవరికుంది? రేటింగులకు నొప్పి తెలియదు కదా.

పోనీ, బడి దిద్దుతుందా? 2023లో ఆంధ్రప్రదేశ్ సర్కారు, టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్ష పెట్టే అమెరికా సంస్థ ఈటీఎస్‌తో ఒప్పందం రాసుకుంది. సర్కారు బళ్లలో మూడో తరగతి నుంచే టోఫెల్! గుంటూరు పక్కన పెదకాకాని బుడతడికి అమెరికా యాస పట్టుబడాలట. పడనివ్వండి. కానీ ఆ యాస వెనకున్న మనిషి ఎవరు? దేనికి నవ్వుతాడు, దేనికి నొచ్చుకుంటాడు? ఆ సంగతి ఏ పెద్దకు పట్టింది? సర్కారు మారింది, టోఫెల్ అటకెక్కింది. ఈసారైనా, సారూ, ఓ స్కిట్టు ముక్క క్లాసులో వేసి 'ఎవరు నవ్వుతున్నారు, ఎవరి మీద?' అని పిల్లల్ని అడగరాదా? అబ్బే, బిట్ పేపర్లో ఇమడదు!

కాకాని మల్లేశ్వరుడి సాక్షిగా చెప్పండి. హైవే పక్కన అపార్ట్‌మెంట్లకు ఇటుకలు మోసే ఒడిశా కూలీకి తెలుగు ఎవరు నేర్పారు? ఏ కోచింగూ లేదు, ఏ ఒప్పందమూ లేదు. పని చేస్తూ, తిట్లు తింటూ తనే నేర్చుకున్నాడు. అతను నోరు విప్పగానే వెనక నిలబడి ఆ యాసనే అనుకరించే మనవాడికి మాత్రం ఇంగ్లీషులో నూటికి తొంభై.