నీకు తెలియనిదేముంది

పురపాలక సంఘమా, ఈ వేసవి నిన్ను పొగడాలని కూర్చున్నాను. పొగడటానికి నా దగ్గర కావలసినంత ఉంది. వెటకారం ఒక్క మాటలోనూ లేదు. ఏ మాటకామాట తీసి చూసుకో, అన్నీ నిజాలే.

నీకు తెలియనిది లేదు. రేపు ఏ మండలంలో వడగాడ్పులు వీస్తాయో, ఎక్కడ తీవ్రంగా వీస్తాయో విపత్తుల నిర్వహణ సంస్థ ముందుగానే జాబితా ఇచ్చేస్తుంది. నాబోటి దాని ఫోనుకే వచ్చే ఆ జాబితా నీ బల్ల మీదికి రాకుండా పోదు. మైదానంలో 40 డిగ్రీలు దాటి, ఆ రోజుకు ఉండాల్సిన దానికన్నా 4.5 డిగ్రీలు ఎక్కువైతే వడగాడ్పు అంటారనీ, 45 తాకితే ఇక ఆ తేడా చూడనక్కర్లేదనీ నీకు తెలుసు. కోస్తాలో గాలి తేమ వల్ల ఆ కొలత 37 దగ్గరే మొదలవుతుందనీ తెలుసు. మా తాతల నాటి ఎండ చెప్పాపెట్టకుండా వచ్చేది. ఇప్పటి ఎండ నీకు ముందు కబురంపి మరీ వస్తోంది.

నీకు దయ కూడా ఉంది. ఏప్రిల్ రాగానే గాంధీబొమ్మ సెంటర్లో నువ్వు వేయించే తాటాకు పందిరంటే నాకు ఇష్టం. ఇసుక మీద కూర్చోబెట్టిన కుండలు, వాటికి చుట్టిన తడిగుడ్డ, మూత మీద బోర్లించిన గ్లాసు. ఎండన పడి వచ్చినవాడి కులమేమిటో, ఓటెవరికి వేశాడో ఆ కుండ అడగదు. వేసవిలో చలిపందిరి పెట్టించడం ఈ నేల మీద పాత ధర్మం. దాన్ని ఏటేటా మరవకుండా నిలబెడుతున్నావు. ఆ నీళ్లు నేనూ తాగాను. పోయిన మే నెలలో ఓ మధ్యాహ్నం కళ్లు బైర్లు కమ్మితే ఆ పందిరి గుంజ పట్టుకునే నిలదొక్కుకున్నాను. నీళ్లు పోసే ఆవిడ నా నుదుటి మీద తడిచెయ్యి వేసి, "కాసేపు కూకోమ్మా" అంది. కూర్చోవడానికి ఆవిడ స్టూలు తప్ప మరొకటి లేదు. దాన్ని నాకిచ్చి, నేను లేచేదాకా ఆవిడే నిలబడింది.

అప్పటినుంచి ఆ కుండల గురించే ఆలోచిస్తున్నాను. మట్టిలోంచి నీరు చెమర్చి, ఆ చెమ్మ గాలికి ఆరుతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది. మనిషి ఒళ్లు చేసేదీ ఇదే. రాయలసీమ పొడిగాలిలో చల్లబడినంతగా కుండనీళ్లు మన కోస్తా ఉక్కలో చల్లబడవు, చెమ్మ ఆరదు గనుక. కుండకు ఆరని చెమ్మ మనిషికి మాత్రం ఎలా ఆరుతుంది? అలాంటి రోజున గ్లాసుడు నీళ్లు దాహం తీరుస్తాయి గానీ ఒంట్లో చేరిన వేడిని దించలేవు. అది దిగాలంటే గంటా రెండు గంటలు చల్లటి చోట కూర్చోవాలి, వీలైతే నడుం వాల్చాలి. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి మాట తడబడితే అది వడదెబ్బే. స్పృహ తప్పినవాడి నోట్లో నీళ్లు పోయకూడదు కూడా. ఒళ్లంతా చన్నీళ్లతో తడపాలి, గాలి తగలాలి, చంకల్లో ఐసుముక్కలు పెట్టాలి, వెంటనే ఆసుపత్రికి బండి రావాలి. ఆ పందిరి తన శక్తికి మించే చేస్తోంది. దాన్ని నేను ఒక్క మాట అనను.

పందిరికి పదడుగుల దూరంలో కర్బూజాలమ్మే ఆవిడ పొద్దున ఎనిమిదింటి నుంచి చీకటి పడేదాకా గొడుగు కింద కూర్చుంటుంది. ఆ రోజు పెదాలెండి ఉన్నాయి. "పక్కనే నీళ్లున్నాయి కదా, తాగరాదూ?" అన్నాను. "తాగితే ఎక్కడికి పోవాలమ్మా?" అంది. ఆ సెంటర్లో ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు. అందుకని ఆవిడ పగలల్లా గొంతు తడుపుకోవడమే గాని కడుపారా తాగదు. కుండ నిండుగానే ఉంది, నువ్వు నింపించావు. నింపిన కుండ ముందు కూర్చుని ఒక మనిషి దాహంతో ఎండిపోతోంది.

ఇక నీ బలం సంగతి చెప్పాలి. దాన్ని తలచుకుంటే నాకు నిజంగా చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచెత్తి వేలమందిని పొట్టన పెట్టుకున్నాక సర్కారు పాఠం నేర్చుకుంది. తీరం పొడవునా తుపాను షెల్టర్లు లేచాయి. ఇవాళ బంగాళాఖాతంలో వాయుగుండం పుడితే చాలు, కలెక్టరు నుంచి పంచాయతీ కార్యదర్శి దాకా కంటి మీద కునుకుండదు. మైకు పట్టుకుని వీధివీధీ తిరుగుతారు. ఇల్లొదిలి రానన్న ముసలివాళ్లను బతిమాలి, అవసరమైతే ఎత్తుకుని బస్సెక్కిస్తారు. బడులు తెరిపించి పొయ్యిలు వెలిగిస్తారు. నెలలు నిండినవాళ్లను ముందే ఆసుపత్రికి చేరుస్తారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద పడ్డప్పుడు లక్షలమందిని ముందే కదిలించారు. అంతటి గాలికి రాష్ట్రంలో పోయిన ప్రాణాలు పదుల్లో ఆగాయి. ఆ లెక్క ఎంత చిన్నదో దివిసీమలో శవాలు మోసినవాళ్లకు తెలుస్తుంది. ఆ పని చేసిన చేతులు నీ కుటుంబంలోవే.

ఆ తరవాత ఎనిమిది నెలలు తిరక్కుండానే, 2015 మేలో, ఎండకు దేశంలో రెండు వేలమందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది మన రెండు తెలుగు రాష్ట్రాలవాళ్లే. ఒక్క ఆంధ్రలోనే వెయ్యి దాటారు. పైకప్పులు లేచిపోలేదు, చెట్లు కూలలేదు. మనుషులు పొలంగట్ల మీద, రేకుల ఇళ్లలో, నులకమంచాల మీద పోయారు. వాళ్లను చల్లటి చోటికి చేర్చడానికి ఏ వీధి చివరా బస్సు వచ్చి ఆగలేదు. గాలికి తలుపు తట్టే చెయ్యి ఎండకు ఎందుకు తట్టదు? నీకు చేతకాదని ఎవరైనా అంటే నేను వాళ్లతో పోట్లాడతాను. చేతనవునని నా కళ్లతో చూశాను.

చోటు లేదని కూడా ఎవరూ అనలేరు. ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా బడులకు సెలవులు. ఎండ ముదిరే ఆ ఏడు వారాలూ నీ పురపాలక పాఠశాల ఖాళీగా ఉంటుంది. దానికి స్లాబుంది, ఫ్యాన్లున్నాయి, ఆడపిల్లలకని కట్టిన మరుగుదొడ్లున్నాయి, మధ్యాహ్న భోజనం వండే గది ఉంది, ఆవరణలో వేపచెట్లున్నాయి. శాఖా గ్రంథాలయాలు చాలాచోట్ల మధ్యాహ్నం మూసి ఎండ చల్లారాక తెరుస్తారు. ఆ మూసిన వేళనే వాటి నీడ ఊరికి కావాలి. గది మరీ వేడెక్కితే ఫ్యాను వేడిగాలినే తిప్పుతుంది, అందుకని ఏసీయో, పొడిగాలి ఊళ్లలోనైతే కూలర్లో పెట్టించాలి. డాబా మీద తెల్లసున్నం కొట్టించాలి. తెలంగాణ 2023లో ఇలాంటి చల్లని పైకప్పులకు ఒక విధానమే తెచ్చింది. కరెంటు పోని ఏర్పాటు ఉండాలి, ఓఆర్ఎస్ ఇచ్చే నర్సు ఒకరుండాలి. రాత్రి కూడా తలుపు తీసే ఉంచాలి. పగలంతా కాలిన రేకు అర్ధరాత్రి దాకా కింద పడుకున్నవాళ్ల మీదే వేడి కక్కుతుంది, తెల్లారి మళ్లీ పనికి పోయే ఒంటికి చల్లారే గడువే దొరకదు.

నీ తోటివాళ్లు మొదలుపెట్టారు. 2010 మేలో ఎండ 46.8 డిగ్రీలకు పోయినప్పుడు అహ్మదాబాద్‌లో ఆ ఒక్క నెలలో మామూలుకన్నా 1,344 మంది ఎక్కువగా చనిపోయారని లెక్క తేలింది. అక్కడి నగరపాలక సంస్థ 2013లో ఎండకు కార్యాచరణ ప్రణాళిక వేసుకుంది, దక్షిణాసియాలో అదే మొదటిది. చెన్నై కార్పొరేషన్ 2025లో అన్నానగర్‌లో డెలివరీ కుర్రాళ్ల కోసం ఏసీ గది తెరిచింది. ఎక్కడో అమెరికాలోని చికాగోలో 1995 జూలైలో ఏడు వందలమందికి పైగా ఎండకు పోయారు, వాళ్లలో చాలామంది ఒంటరిగా బతికే ముసలివాళ్లు. 1999లో మళ్లీ అలాంటి ఎండ వచ్చేసరికి ఆ నగరం చల్లని గదులు తెరిచి ఊరుకోలేదు. వాటికి ఉచితంగా బస్సులు నడిపింది, ఒంటరి వృద్ధుల ఇళ్లకు పోలీసులను పంపింది. చావులు బాగా తగ్గాయి. తుపానుకు నువ్వు చేసే పనినే వాళ్లు ఎండకు చేశారు. నీకు కొత్తగా నేర్పాల్సిందేమీ లేదు.

నీ శ్రద్ధ నేను ఎరిగినదే. వడదెబ్బకు పోయాడని ఎవరి పేరైనా రాయాలంటే తహసీల్దారు, వైద్యాధికారి, పోలీసు అధికారి ముగ్గురూ కలిసి విచారించాలి. మనిషి ఎక్కడ పనిచేశాడు, ఎంతసేపు ఎండలో ఉన్నాడు, ఏం తిన్నాడు, ఆ ఇల్లు ఎలాంటిది, అన్నీ అడుగుతారు. పోస్టుమార్టం కాగితం చూస్తారు. పక్క రాష్ట్రం తెలంగాణ 2025 ఏప్రిల్‌లో వడగాడ్పులను విపత్తుగా ప్రకటించి, చనిపోయినవాడి ఇంటికి 4 లక్షలు ఇస్తానంది. అది మంచి పని, ఆ ఇంటి ఇల్లాలికి పెద్ద ఆసరా. ఆ ప్రశ్నలన్నీ మంచి ప్రశ్నలు. జవాబు చెప్పడానికి ఆ మనిషి బతికున్న రోజున, ముగ్గురిలో ఒక్కరు వెళ్లి అడిగి ఉంటే చాలని నా బాధ.

ఈ సాయంత్రం జాబితా వచ్చింది. రేపు మన మండలం తీవ్ర వడగాడ్పుల వరసలో ఉంది. పందిరి కింద ఆవిడ కుండలు కడిగి బోర్లించి ఇంటికెళ్లింది. కర్బూజాల ఆవిడ రేపూ వస్తానంది, కాయలు మిగిలిపోయాయట. గాంధీబొమ్మ సెంటర్ నుంచి నీ పాఠశాల గేటు రెండు వందల అడుగులుంటుంది. దానికి తాళం వేసి ఉంది, తాళంచెవి నీ కార్యాలయంలో ఉంది.