విప్పినట్టే బిగించుకో!

బండి బాగుచేసుకోవడం నేర్పే పుస్తకాల్లోనూ వీడియోల్లోనూ ఒక మంత్రం ఉంటుంది. గురువుగారు ముప్పై మెట్లలో విప్పడం నేర్పుతారు. ముప్పై ఒకటో మెట్టు దగ్గర ఆయనకు ఓపిక అయిపోతుంది. ‘ఇంకేముంది, ఇదే వరుస తిరగేసి బిగించుకోండి’ అని చేతులు కడిగేసుకుంటారు. బ్రిటన్‌లో జాన్ హేన్స్ 1966లో మొదలుపెట్టిన వాహనాల మరమ్మతు పుస్తకాల్లో ఈ మాట ఎంత అరిగిపోయిందంటే, అక్కడి జనం దాన్ని జోకుగా చెప్పుకుంటారు. మన దగ్గర మాత్రం ఇంకా వేదవాక్కే. గుడ్డు కొట్టి అట్టు పోసినవాణ్ణి, అదే వరుస తిరగేసి గుడ్డు చేసి పెట్టమంటే ఎట్లా ఉంటుందో ఎవరూ అడగరు.

మా బూర్గంపాడు మండలం వాళ్లకు ఈ మంత్రం కొత్తేమీ కాదు. నియోజకవర్గాల పునర్విభజనలో బూర్గంపాడు అసెంబ్లీ సీటును పీకేసి, 2009 ఎన్నికల నాటికి పినపాకను బిగించారు. 2014లో పోలవరం ప్రాజెక్టు పేరు చెప్పి మండలంలోని కొన్ని ఊళ్లను ఊడదీసి ఆంధ్రప్రదేశ్‌కు తగిలించారు. ఊడదీయడానికి ఒక కాగితం చాలింది. బిగింపు ఎంత కుదిరిందో, సంతకం కోసం ఏ దిక్కు బస్సెక్కాలో తేల్చుకోలేక రోడ్డు మీద నిలబడ్డ వాళ్లను అడగాలి.

సరే, బండి సంగతికి వద్దాం.

మా బావమరిదికి ఒక వంద సీసీ బండి ఉంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు లేచినప్పుడు అది కూడా మునిగింది. 1986లో వచ్చిన 75.6 అడుగుల వరద తర్వాత అంత నీళ్లు రావడం అదే. అటు గోదావరి పొంగి, ఇటు కిన్నెరసాని నీళ్లు పోయే దారిలేక వెనక్కి తన్ని, మధ్యలో బూర్గంపాడు. నీళ్లు తీశాక బండిని కడిగారు, ఇంజన్ ఆయిల్ మార్చారు, కిక్కు కొడితే పలికింది. వెనక చక్రాన్ని మోసే ఫోర్కు, అదే స్వింగ్ ఆర్మ్, దాని ఇరుసులోకి దూరిన ఒండ్రు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. మరుసటి ఎండాకాలానికి, మలుపు తిరిగినప్పుడల్లా బండి వెనక భాగం కల్లు తాగిన పెద్దమనిషిలా తన దారిన తాను పోవడం మొదలుపెట్టింది.

జబ్బు మావాడు సరిగానే పట్టాడు, అది ఒప్పుకోవాలి. బండిని నడిమి స్టాండు వేసి, ఫోర్కును పట్టుకుని అటూ ఇటూ ఊపితే టకటకమంది. చక్రం బేరింగు పోయినా, స్పోకులు వదులైనా, టైర్లో గాలి తగ్గినా వెనక ఇట్లాగే ఊగుతుంది కాబట్టి అవన్నీ ముందే చూశాడు. అక్కడితో ఆగి సారపాక మెకానిక్ దగ్గరికి పోయి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు.

“మెకానిక్కులంతా దొంగలు బావా. వాళ్లు చేసేదేముంది? ఊడగొట్టుడు, బిగించుడు. వీడియోలో ఇరవై నిమిషాల్లో అయిపోయింది” అన్నాడు.

ఆ వీడియో నేనూ చూశాను. గ్యారేజీ నేల మా ఇంటి అన్నం పళ్లెం కంటే శుభ్రంగా ఉంది. బండి షోరూం నుంచి మొన్ననే వచ్చినట్టుంది. వీడియోలోని దొరగారు ఇరుసును రెండు వేళ్లతో లాగితే వెన్నలోంచి వెంట్రుకలా వచ్చింది. అల్యూమినియం ఫోర్కును వేడిచేశారు, సూది బేరింగులను ఫ్రీజర్లోంచి తీశారు, గూట్లో పెట్టి రెండుసార్లు తట్టారు. అయిపోయింది. జామాయిల్ లారీల వెనక దుమ్ము మింగుతూ, ఇద్దరు మనుషుల్నీ ఒక మిర్చి బస్తానీ మోస్తూ, అడవి బాటల్లో తిరిగి, చివరకు గోదావరిలో మునకేసిన బండికి ఆ వైద్యమే చేస్తామంటున్నాడు మావాడు.

ముందు ఇరుసు. చక్రం, చైను, సైలెన్సర్, వెనక షాకుల కింది బోల్టులు అన్నీ ఊడదీసి వసారాలో పాత పేపరు మీద వరసగా పేర్చాడు. ఇక ఇరుసు లాగడమే. అది రాదు. ఇనుము తుప్పు పట్టినప్పుడు ఒళ్లు చేస్తుంది. ఉన్న సందంతా నింపుకుని కూర్చుంటుంది. కిరోసిన్ పోశాడు, ఇంజన్ ఆయిల్ పోశాడు, రాత్రంతా నాననిచ్చాడు. పొద్దున లేచి నట్టు పూర్తిగా విప్పేసి మర కొస మీద సుత్తితో మోదాడు. నట్టును కొసకు తెచ్చి ఉంచి కొడితే మర దెబ్బతినదని ఏ మెకానిక్ దగ్గర పనిచేసే పిల్లాడైనా చెబుతాడు. వీడియోలో అది లేదు. కొట్టే అవసరమే రాని బండి మీద తీసిన వీడియోలో అది ఎందుకుంటుంది? ఇరుసు కొస పుట్టగొడుగులా విచ్చుకుంది. సాయంత్రానికి దాన్ని కోసి బయటకు తీశాడు. మొదటి రోజు లెక్క: ఇరుసు ఒకటి, బొటనవేలి గోరు ఒకటి.

అసలు తమాషా రెండో రోజు. బేరింగు కోసం లోపల వేలు పెట్టి వెతికితే బేరింగే లేదు! మన ఊళ్లలో తిరిగే చిన్న బళ్లలో చాలావాటికి అక్కడ ఉండేది రబ్బరు బుష్. బయట ఒక ఉక్కు గొట్టం, లోపల ఇంకొక సన్నని గొట్టం, రెంటి మధ్య అతికించిన రబ్బరు. బయటి గొట్టం ఫోర్కులో బిగుసుకుని ఉంటుంది. లోపలి గొట్టం ఇరుసు బిగింపుతో ఛాసిస్‌ను కరుచుకుని ఉంటుంది. ఫోర్కు పైకీ కిందికీ ఆడినప్పుడు మధ్యలోని రబ్బరు మెలితిరిగి మళ్లీ వెనక్కి వస్తుంది. అందులో దొర్లేది లేదు, జారేది లేదు. కాబట్టి గ్రీజు అక్కర్లేదు. పైగా నూనె జాతి గ్రీజు తగిలితే ఆ రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. ఈ ముక్క తెలియక, లేని బేరింగుకు గ్రీజు పెట్టమని ఊరూరా హితవు చెప్పే మహానుభావులను చూస్తే, పెళ్లికాని వాడికి సంతాన యోగం చెప్పే జ్యోతిష్కుడు గుర్తొస్తాడు.

పాత బుష్ నడుమ సాకెట్ ఆనించి సుత్తితో కొట్టాడు. రబ్బరు చిరిగి, లోపలి గొట్టం ఒక్కటే ఊడి వచ్చింది. మావాడి ముఖం వెలిగింది. బయటి గొట్టం మాత్రం ఫోర్కులోనే ఉంది. అది ఫోర్కులో భాగమే అనుకుని అందులోకి కొత్త బుష్ దూర్చబోయాడు. దూరలేదు. దూరకపోతే ఏం చేయాలో వీడియోలో ఉంది: ఫ్రీజర్లో పెట్టాలి.

మా ఫ్రిజ్‌లో మా ఆవిడ తమ్ముడికి ఉన్నంత పరపతి నాకు లేదు. బొచ్చె చేప ముక్కల పక్కన కొత్త బుష్‌లు రెండూ కవరు కప్పుకుని రాత్రంతా పడుకున్నాయి. నేను కూర్చుని లెక్క కట్టాను. ముప్పై మిల్లీమీటర్ల ఉక్కు గొట్టాన్ని నలభై డిగ్రీల వసారా నుంచి మైనస్ పద్దెనిమిది డిగ్రీల ఫ్రీజర్‌కు మారిస్తే అది చిక్కేది 0.02 మిల్లీమీటర్లు. తలవెంట్రుక మందంలో మూడో వంతు కూడా కాదు. మే నెలలో వంటింటి నుంచి వసారాలోకి నడిచేలోపు అది సగం తిరిగి వచ్చేస్తుంది. అల్యూమినియం ఫోర్కును వేడి చేస్తే గూడు ఉక్కుకు దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది, అందుకే దొరగారికి పని జరిగింది. మనది ఉక్కు ఫోర్కు. వేడి చేస్తే ముందు రంగు పోతుంది, తర్వాత రబ్బరు పోతుంది. మావాడు గ్యాస్ పొయ్యి మీద ఫోర్కు కొస కాసేపు పెట్టి చూశాడు కూడా. ఆ వాసనకు నాలుగిళ్ల అవతలి వాళ్లు వచ్చి, ఏమన్నా కాలుతోందా అని అడిగిపోయారు.

చేత్తో పని చేసుకునేవాళ్ల మీద నాకు కోపం లేదు. పొడవాటి మర కడ్డీ, రెండు నట్లు, దిట్టమైన వాషర్లు, సరైన కొలత సాకెట్ ఉంటే దెబ్బ వేయకుండా బుష్‌ను లాగి కూర్చోబెట్టొచ్చు. అది మంచి పద్ధతే. ఒత్తిడి బయటి గొట్టం అంచు మీద పడాలి, నడుమ పడకూడదు, అంతే. పొలం దగ్గర మోటారు తానే విప్పి బాగుచేసుకునే రైతులు మా మండలంలో ఎంతోమంది. కాకపోతే వాళ్లెవరూ ఇది ‘సులువు’ అనరు, ఎదుటివాణ్ణి దొంగ అనరు. పని తెలిసినవాడి నోట్లో ఆ రెండు మాటలూ తక్కువ.

మూడో రోజు ఫోర్కును గోనెసంచిలో చుట్టుకుని సారపాక పోయాం. కాగితం మిల్లు లారీల పుణ్యమా అని అక్కడ ఇనుముతో పనిచేసే చేతులకు కరువు లేదు. మెకానిక్ సంచి విప్పి చూసి, “ఏందన్నా, దీన్ని పొయ్యి మీద పెట్టినవా?” అన్నాడు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. మిగిలిపోయిన గొట్టాన్ని ఆక్సా బ్లేడుతో లోపలి నుంచి నిలువునా కోశాడు, ఫోర్కుకు గాటు పడకుండా ఎక్కడ ఆపాలో బ్లేడు చప్పుడు బట్టే తెలుస్తుందట. ఉలితో మడిచి బయటకు తీశాడు. లారీ జాకీని ఇనప చట్రంలో వెల్డింగ్ చేసుకున్న సొంత ప్రెస్సులో కొత్త బుష్‌లు కూర్చోబెట్టాడు. అవి ‘కిర్ర్’మని ఒకే మూలుగుతో దిగాయి. తర్వాత మా వెంట వచ్చి, కొత్త ఇరుసు వేసి, చక్రం, షాకులు అన్నీ ఎక్కించాడు. ఇరుసు నట్టు మాత్రం వదులుగానే ఉంచాడు.

“బిగించవేం?” అన్నాడు మావాడు, తప్పు దొరికిన సంతోషంతో. “విప్పేటప్పుడు చివర విప్పింది మొదట బిగించాలి కదా?”

“అది కాదన్నా. చక్రం గాల్లో ఏలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఆ కోణంలోనే పట్టుకుంటది. మనిషి ఎక్కంగనే మెలిపడి, ఎప్పుడూ మెలిపడే ఉంటది. ఆర్నెల్లకే చిరుగుతది. బండి నేల మీద ఉండాలె, మీద బరువు ఉండాలె, అప్పుడు బిగించాలె. నువ్వెన్ని కిలోలుంటవు?”

“డెబ్బై ఎనిమిది.”

“ఎక్కి కూసో. కదలకు.”

మావాడు ఎక్కి కూర్చున్నాడు. మెకానిక్ పక్కన గొంతుక్కూర్చుని పానా తిప్పాడు. ముప్పై ఒకటో మెట్టులో మావాడు చేసిన పని అదొక్కటే, అది మాత్రం చాలా బాగా చేశాడు.