జారుడు పలక: టీకా తాత్పర్య సహితం

తే. అంచు దాకిన బాణము నరసి వెంట
జారి వచ్చును పలకయు జాగు లేక
నొక్కినంతనె పనిముట్టు నోరు దెరచు
తొలగ దాగును మరల నా తొంటి చోట

ప్రతిపదార్థం: అంచున్ = కంప్యూటర్ తెర ఎడమ అంచును; తాకిన = ఒరుసుకున్న; బాణమున్ = మౌసు బాణాన్ని; అరసి = కనిపెట్టి; పలకయు = ఐకాన్లు పేర్చిన లాంచర్ ('యు' గణం కోసం వచ్చింది, అర్థం వెతకొద్దు); పనిముట్టు = బ్రౌజర్, క్యాలిక్యులేటర్ వగైరా; తొలగన్ = బాణం పక్కకు పోగా; తొంటి చోటన్ = మునుపటి చోట, అనగా తెరకు అవతల. తక్కినవి సులభం.

తాత్పర్యం: పిలిస్తే వచ్చి, పని చేసిపెట్టి, అడ్డం లేకుండా పోయే లాంచర్ కావాలని భావం. విండోస్ 95 టాస్క్‌బారుకే ఈ గుణం ఉంది కదా అంటే, సొంతంగా కట్టుకున్నదాని రుచి వేరు.

విశేషాలు: 'అంచు'తో ఎత్తుకోవడం గొప్ప ఔచిత్యం. గురి పెద్దదై దగ్గరగా ఉంటే త్వరగా అందుతుందని 1954లో పాల్ ఫిట్స్ అనే మనస్తత్వవేత్త తేల్చాడు. అంచు దగ్గర బాణాన్ని ఎంత విసురుగా తోసినా దాటిపోదు గనుక సన్నటి గీత కూడా పెద్ద గురే. ఎడమ పక్కన రెండో మానిటర్ పెట్టుకున్నవారికి ఈ పద్యం వర్తించదు. వారి బాణం అవతలి తెరలోకి దూకేస్తుంది.

'జారి' అన్నచోట కవి తేలిగ్గా దాటేశాడు. పైథాన్ భాషలో విండోలు కట్టిపెట్టే టికింటర్‌లో జారడమంటే, 15 మిల్లీసెకన్లకోసారి విండోను కాస్త జరపడమే. ప్రతిసారీ ఒకే దూరం జరిపితే కొయ్యబారినట్టుంటుంది. మిగిలిన దూరంలో మూడో వంతు చొప్పున జరిపితే చివర్లో నెమ్మదించి అందంగా ఆగుతుంది. అయితే పూర్ణాంక భాగహారం వాడితే 2 పిక్సెళ్లలో మూడో వంతు సున్నా. పలక గమ్యానికి రెండు పిక్సెళ్ల ముందే బిగుసుకుంటుంది. వెనక్కి పోయేటప్పుడు మాత్రం నిక్షేపంగా చేరుతుంది! అప్పుడు దూరం రుణ సంఖ్య, దాని భాగఫలాన్ని పైథాన్ కిందికి దింపుతుంది మరి: -2ను 3తో భాగిస్తే -1.

'జాగు లేక'కు 'జాగు తోడ' అని పాఠాంతరం. గణమూ చెడదు, యతీ చెడదు, పైగా ఇదే గ్రాహ్యం. క్షణంలో నాలుగో వంతైనా ఆగకపోతే, అంచు పక్కనున్న అక్షరాలను ఎంచుకోబోయిన ప్రతిసారీ పలక ఊడిపడుతుంది.

'నోరు దెరచు': ప్రోగ్రాంను పిలిచి అది ముగిసేదాకా కాచుకునే ఆజ్ఞ రాస్తే, పనిముట్టు నోరు తెరవగానే పలక నోరు పడిపోతుంది. పిలిచి వదిలేయాలి.

'తొలగ' మహా చిక్కు. బాణం పలక మీంచి దానిలోని ఐకాన్ మీదికి పోయినా, 'తొలగింది' అనే కబురే టికింటర్ పెడుతుంది. నమ్మితే నొక్కబోయే సరికి పలక పారిపోతుంది. కబురు అందాక బాణం ఎక్కడుందో స్వయంగా చూసుకోవడమే సంప్రదాయం.

'దాగును': పూర్తిగా దాగితే బాణానికి తగిలేదేమీ ఉండదు, పలక ఇక రాదు. 2 పిక్సెళ్లు బయట ఉంచాలి. కనుక 'దాదాపు దాగును' అని అన్వయించుకోవాలి.